బాలత్రిపురసుందరి గారి మూత పొయ్యి

బాలత్రిపురసుందరి గారు బంజారాహిల్స్‌లో ఒక అద్దాల షాపులో కూర్చుని, కోడిని కాల్చే పొయ్యి మీద కాల్చినది తిన్నారని మాదన్నపేటలో ఒక మాట తిరిగింది. తిని ఊరుకోలేదట. లక్ష రూపాయలు పోసి ఆ పొయ్యినే కొని తెచ్చుకుని, మిద్దె మీద గోనెసంచి కప్పి దాచారట. అది కోడిగుడ్డు ఆకారంలో ఉంటుందట. మూత వేస్తే లోపల ఏం కాలుతోందో పక్కింటికి తెలియదట.

ఈ మాట నాగమణమ్మ దగ్గర పుట్టింది. ఆమె కూతురు లావణ్య ఆ షాపు పక్కనే బట్టల దుకాణంలో పని చేస్తుంది.

"నా బిడ్డ కండ్లార చూసింది. ప్లేటు చేతుల వట్టుకొని ముక్కు కాడికి లేపిందట" అంది నాగమణమ్మ కిరాణా కొట్టు ముందు నిలబడి.

"నోట్లె వెట్టుకున్నదా మరి?" అని కొట్టతను అడిగాడు.

"ముక్కు దాక వచ్చినంక నోరు ఎంత దూరం ఉంటది భాయ్?"

అక్కడున్నవాళ్ళంతా నవ్వారు. నేను ఉప్పు ప్యాకెట్ తీసుకుని వచ్చేశాను. నన్నెవరూ ఏమీ అడగలేదు.

బాలత్రిపురసుందరి గారిది అమలాపురం వైపు. భర్త పరబ్రహ్మం గారికి ఇక్కడ సర్కారు ఆఫీసులో ఉద్యోగం రావడంతో వచ్చారు. ఆయన రిటైరయ్యాక కూడా ఈ పేటలోనే, జగదీశ్వర్ గారి ఇంట్లో పై అంతస్తులో అద్దెకు ఉండిపోయారు. కూరగాయల మార్కెట్ దగ్గరని ఆవిడకు ఈ ఇల్లు ఇష్టం. మాది అదే గల్లీలో చివరి ఇల్లు. తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ మంచం పట్టడంతో నేను బడి మానేశాను. అమ్మ లేచి తిరిగే నాటికి నా వయసు పిల్లలు ముందుకు వెళ్ళిపోయారు. అప్పటినుంచి ఆవిడ దగ్గర పనికి వెళ్తున్నాను.

పని అంటే వంకాయల పని. ఆవిడ కాల్చిన వంకాయ పచ్చడి చేసి ఇస్తారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు, ముఖ్యంగా మడీ ఆచారం ఉన్న ఇళ్ళవాళ్ళు, ముందురోజు ఫోన్ చేసి చెబుతారు. అది నిలవ ఉండే పచ్చడి కాదు. పొద్దున చేస్తే రాత్రికి అయిపోవాలి. నేను తెల్లవారి మార్కెట్‌కు వెళ్ళి వంకాయలు తెస్తాను. కాయ పెద్దదై ఉండాలి, బరువు మాత్రం తక్కువుండాలి. బరువున్న కాయలో గింజ ఎక్కువ. మిద్దె మీద కుంపటి రాజేసి, కాయలకు నూనె రాసి, తొక్క నల్లగా పగిలేదాకా తిప్పుతూ కాలుస్తాను. తరువాతి పనంతా ఆవిడదే. తొక్క తీయడం, రోట్లో పచ్చిమిరపకాయలు, చింతపండు నూరడం, ఇంగువ పోపు, అన్నీ కింద వంటింట్లో. ఆ వంటింట్లోకి నేను వెళ్ళను. వెళ్ళొద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. పని అయ్యాక ఒక చిన్న డబ్బాలో నా వంతు పచ్చడి మెట్ల మీద పెడతారు.

పేటలో ఆవిడను అందరూ పరబ్రహ్మం గారి ఆవిడ అంటారు. ఒకరోజు నేను కుంపటి విసురుతుంటే పక్కన కూర్చుని, "ఇన్నేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలిచింది పచ్చడి కోసం వచ్చినవాళ్ళేనే షారోనూ" అన్నారు.

వేసవిలో ఒకనాడు గాలి వీచింది. కుంపట్లోంచి నిప్పురవ్వ లేచి, తాడు మీద ఆరేసిన జగదీశ్వర్ గారి కొత్త దుప్పటి మీద పడింది. నేను చూసి పరుగెత్తేలోగా అరచేయంత చిల్లి పడింది. జగదీశ్వర్ గారు బస్సుల మెకానిక్. అరిచే మనిషి కాదు. మెట్లెక్కి వచ్చి, దుప్పటి తాడు మీదినుంచి తీసి మడిచి చేత్తో పట్టుకున్నారు.

"అమ్మా, గిది రెండోసారి. మొన్న నా లుంగీ, గియ్యాల దుప్పటి. రేపు ఇల్లు."

"ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాం జగదీశ్వర్ గారూ."

"జాగ్రత్త మీకుంటది, నాకుంటది. గాలికి ఉండదు కద. మీ పచ్చడి మస్తుంటది, నేను గూడ తింట. గని మూత లేని సిగ్డీ ఇగ మిద్దె మీద వద్దు. కాదంటె వేరే ఇల్లు సూసుకోండ్రి."

ఆ వారం గ్యాసు పొయ్యి మీద కాల్చారు. మొదటి డబ్బా వెళ్ళిన మరునాడే సైదాబాద్ నుంచి మైథిలి గారు ఫోన్ చేశారు. ఆవిడ ఎన్నాళ్ళుగానో పచ్చడి తీసుకుంటున్నారు, బ్యాంకులో పని చేస్తారు.

"పిన్నిగారూ, నిన్నటి పచ్చడి మీరు చేసిందేనా?" అని అడిగారు.

బాలత్రిపురసుందరి గారు ఫోన్ పెట్టేసి చాలాసేపు రోలు కడిగారు. ఆ రోలు అప్పటికే కడిగి ఉంది.

మూత పొయ్యి సంగతి చెప్పింది ఆవిడ మేనల్లుడు భరద్వాజ్. మాదాపూర్‌లో ఉద్యోగం. వాళ్ళ ఆఫీసరు ఇంట్లో చూశాడట. ఫోన్‌లో వీడియో పంపాడు. ఆకుపచ్చ రంగు, మందపాటి గోడలు, బరువైన మూత, కింద గాలి రావడానికి చిన్న తలుపు. బొగ్గు తక్కువ పడుతుందని, వేడి గంటలకొద్దీ నిలుస్తుందని, నిప్పురవ్వ బయటికి రాదని చెప్పాడు. ధర విన్న పరబ్రహ్మం గారు పేపరు కిందికి దించారు.

"ఈ ధరకు వంకాయతోట వస్తుంది" అన్నారు.

"తోట మీద ఎవరు కాలుస్తారండీ?"

"కొనవద్దని నేను అనడంలేదు. బ్యాంకులో వేసింది తీద్దాం. ముందు వెళ్ళి చూడు. వంకాయ దానిలో వంకాయలాగే వస్తే కొను."

అలా ఆటోలో బంజారాహిల్స్ వెళ్ళాం. ఆయనకు మోకాళ్ళ నొప్పి కాబట్టి తోడు నేను వెళ్ళాను. ఒళ్ళో సంచిలో మార్కెట్ నుంచి తెచ్చిన వంకాయలు. షాపులో చల్లగా ఉంది. నల్ల ఏప్రాన్ కట్టుకున్న అబ్బాయి ఎదురు వచ్చాడు. చొక్కా మీద వెస్లీ అని రాసి ఉంది.

"చికెనా, మటనా మేడమ్? దేనికి చూస్తున్రు?"

"వంకాయ బాబూ."

"వెజ్ గూడ సూపర్ వస్తది మేడమ్. పనీర్, పైనాపిల్..."

"వంకాయ" అన్నారు ఆవిడ మళ్ళీ.

షాపు వెనక చిన్న ఖాళీ జాగాలో ఒక పొయ్యి వెలిగించి ఉంది. షాపుకూ జాగాకూ నడుమ కూడా అద్దాల గోడే కావడంతో రోడ్డు మీదివాళ్ళకు అంతా కనిపిస్తుంది. అది కొనేవాళ్ళకు చూపించడానికి పెట్టిన పొయ్యి. దాన్నే కావాలంటే సగం ధరకు ఇస్తామన్నాడు వెస్లీ. ఆవిడ ముఖం తేటపడింది. చుట్టూ తిరిగి చూశారు. తరువాత, "దీనిలో ఏమేం కాల్చారు?" అని అడిగారు.

"అన్నీ కాల్చినం మేడమ్. నిన్న కోడి, మొన్న పొట్టేలు. ఏం ఫికర్ లేదు. మంట పెంచినమంటే లోపలిదంతా కాలి క్లీనైతది."

"ఇనుమా, మట్టా ఇది?"

"సిరామిక్ మేడమ్."

"సిరామిక్ అంటే?"

వెస్లీ పొయ్యి గోడ మీద వేలితో తట్టాడు. "మట్టే మేడమ్. కాల్చిన మట్టి. పైన మెరుపు పూత."

ఆవిడ తల ఊపారు. "ఇనుమైతే చింతపండుతో తోమి నిప్పులో పెడితే సరిపోయేది బాబూ. మట్టి పీల్చుకుంటుంది. మట్టిపాత్రలో ఒకసారి మాంసం పడితే మా ఇళ్ళలో ఇక పారేయడమే."

"లక్ష రూపాయలది పారేస్తరా?"

"పారేయలేను కాబట్టే ఇది తీసుకోను. కొంటే కొత్తదే. కానీ కొత్తదాన్ని వెలిగించి చూపించవు కదా?"

"కొత్తది వెలిగిస్తే మా సార్ నన్ను లోపల పెట్టి మూతేస్తడు మేడమ్."

ఆవిడ నవ్వారు. రుచి చూడాలంటే ఈ పాత పొయ్యి ఒక్కటే దిక్కు. దాని మీద కాల్చింది ఆవిడ నోట పెట్టరు. కాయలు వెస్లీకి ఇచ్చి, ఒకటి మూత వేసి, ఒకటి మూత తీసి కాల్చమన్నారు. ఆ తరువాత నావైపు తిరిగారు.

"తినేది నువ్వే. నా పచ్చడి రుచి నీకు తెలుసు. ఉన్నదున్నట్టు చెప్పు. నేను నొచ్చుకుంటానని చూడకు."

కొత్తవాళ్ళ ముందు మాట్లాడటం నాకు చేతకాదు. తల ఊపాను.

మూత వేసి కాల్చిన కాయ ముందుగా వచ్చింది. తొక్క ముడతలు పడింది కానీ నల్లబడలేదు. ఆవిడ కాగితం ప్లేటు పైకెత్తి వెలుతురులో గుజ్జు రంగు చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, ప్లేటు నాకిచ్చారు. నేను ఒక ముద్ద తిన్నాను. మెత్తగా, తియ్యగా ఉంది.

"చెప్పవే."

"మంచిగున్నదమ్మా. గని లోపలనుంచి కబాబు వాసన వస్తున్నది."

వెస్లీ నేల చూపులు చూశాడు.

"అది పాత పొయ్యి వాసన. అది తీసేసి చెప్పు. కొత్తదానిలో ఆ వాసన ఉండదనుకో."

నేను ఇంకో ముద్ద తిన్నాను. "తీసేస్తె... ఉడకవెట్టినట్టున్నది. తొక్క కాలిన చేదు లేదు. మన పచ్చడికి ఆ చేదే గావాలె కదమ్మా."

రెండో కాయ మూత తీసి కాలుతుండగా తొక్క పటపటమని పగిలింది. అది తిన్నాను. "గిది మన కుంపటి మీదిదే" అన్నాను. ఆవిడ సంతోషించేలోపు, పొయ్యిలోంచి ఒక రవ్వ లేచి గాలిలో తిరిగి నా చున్నీ అంచు మీద పడింది. నేను చేత్తో నలిపేశాను. నల్లటి చుక్క మిగిలింది. ఆవిడ ఆ చుక్కనే చూస్తూ ఉన్నారు.

"మూత వేస్తే రవ్వ రాదు, రుచి రాదు. మూత తీస్తే రుచి వస్తుంది, రవ్వా వస్తుంది" అన్నారు నెమ్మదిగా. "అంతేనా బాబూ?"

"మాంసానికైతే దీనికి తిరుగులేదు మేడమ్" అన్నాడు వెస్లీ. "వంకాయ సంగతి నిజంగ నేను ఎన్నడు ఆలోచించలే."

"మంచి వస్తువే. నా పనికి కాదు."

ఇంటికి వచ్చి తలమీదుగా నీళ్ళు పోసుకుని చీర మార్చుకున్నారు. పరబ్రహ్మం గారు "ఏమైంది?" అంటే, "లక్ష మిగిలింది" అన్నారు. ఆ మాటలో సంతోషం లేదు. మర్నాటి పచ్చడికి ఫోన్ చేసినవాళ్ళకు చేయడం లేదని చెప్పారు. ఆ తరువాత రోజూ అదే చెప్పారు. నేను మార్కెట్‌కు వెళ్ళలేదు.

పని లేకపోయినా నేను వెళ్ళి మిద్దె ఊడ్చి వచ్చేదాన్ని. ఒక ఉదయం ఆవిడ పైకి వచ్చి, మూల పడి ఉన్న రంజన్ ముందు నిలబడ్డారు. ఆ పెద్ద మట్టి నీళ్ళకుండ కిందటి ఎండాకాలం అడుగు చిట్లింది. అప్పటినుంచి అక్కడే ఉంది.

"ఆ పొయ్యికి ఉన్న గొప్పంతా ఏమిటే? గోడలే కదా" అన్నారు. "అక్కడ నిప్పులు అంచు దాకా ఉన్నాయి. అందుకే రవ్వ ఎగిరింది. నిప్పులు బాగా లోతున ఉంటే?"

రాయితో రంజన్ అడుగు పూర్తిగా ఊడగొట్టాం. చీలిక పాకకుండా చుట్టూ ఇనుప తీగ బిగించాం. గాలి రావడానికి ఇటుకల మీద నిలబెట్టి, లోపల అడుగున కుంపటి పెట్టాం. కాయలకు సగం ఎత్తులో ఇనుప జల్లెడ. కుంపటి చుట్టూ గోడ నా మోచేతిని దాటి లేచింది. పొడవాటి పట్టకారుతో కాయ తిప్పాలి. మొదటిరోజు చేయి కాలింది, తరువాత అలవాటైంది. రవ్వలు లేచి గోడకు కొట్టుకుని లోపలే చచ్చిపోయాయి.

జగదీశ్వర్ గారిని పిలిచి చూపించాం. ఆయన చుట్టూ తిరిగి, తన తువ్వాలు తీసి పక్కనున్న తాడు మీద ఆరేశారు. ఆ పూట కాయలన్నీ కాలేదాకా అక్కడే కూర్చున్నారు. తువ్వాలు దులిపి రెండు వైపులా చూసుకున్నారు.

"చలో, చేస్కోండ్రి" అన్నారు. "గని పని అయినంక కప్పి వెట్టండ్రి. వాన వడితె మల్ల పల్గుతది."

అందుకని గోనెసంచి కప్పాం. పక్క మిద్దెల మీదినుంచి చూసేవాళ్ళకు అది గుడ్డులాగే కనిపిస్తుంది. నాగమణమ్మ మాట దానికి తోడైంది. పచ్చడి తీసుకునే ఇళ్ళు కొన్ని ఫోన్ చేయడం మానేశాయి. ఎందుకో చెప్పలేదు.

మైథిలి గారు ఒక్కరే ఫోన్ చేయకుండా స్వయంగా వచ్చారు. నేరుగా మిద్దెక్కి గోనెసంచి తనే ఎత్తి చూశారు.

"అయ్యో రాత, ఇదా ఆ లక్ష రూపాయల పొయ్యి?"

"లక్షలో తీగ ఖర్చు నలభై రూపాయలు" అన్నారు బాలత్రిపురసుందరి గారు.

మైథిలి గారు నవ్వారు. తరువాత గొంతు తగ్గించి, "మరి ఆ షాపులో తిన్నారని అంటున్నారు పిన్నిగారూ?" అన్నారు.

"నేను తినలేదమ్మా."

"మీ మాట నాకు చాలు. ఆదివారానికి రెండు డబ్బాలు చెయ్యండి."

ఆవిడ వెళ్ళాక పరబ్రహ్మం గారు మెట్ల దగ్గరనుంచి, "ఎవరు తిన్నారో కూడా చెప్పేస్తే అందరి నోళ్ళూ మూతపడేవి కదా" అన్నారు.

"చెబితే, అయితే రుచి చూసి చెప్పేది షారోనా అంటారు. అవునంటే మిగిలిన ఇళ్ళు కూడా పోతాయి. కాదంటే అబద్ధం" అన్నారు ఆవిడ. నేను అక్కడే బూడిద ఎత్తుతున్నాను. ఆవిడ నన్ను చూసే అన్నారు.

మానేసిన ఇళ్ళలో కొన్ని తిరిగి వచ్చాయి. కొన్ని రాలేదు. నాగమణమ్మ ఇప్పటికీ ఆ ప్లేటు సంగతి చెబుతూనే ఉంది.

ఆ రోజు ఆ షాపులో బాలత్రిపురసుందరి గారు మంచినీళ్ళు కూడా తాగలేదు. వంకాయ తిన్నది నేను.