ఎవరికి ముందు నీళ్ళు

ఆ స్టేషన్‌లో బోగీలకు నీళ్ళు పట్టే ఆమెను అందరూ నీళ్ళక్క అనేవారు. రైలు ఆగగానే రెండు లైన్ల మధ్యకు దిగి, రబ్బరు గొట్టాలు లాక్కెళ్ళి ఒక్కో బోగీకి తగిలించి, పైన ట్యాంకు నిండి నీళ్ళు పొర్లేదాకా చూసి, తర్వాతి బోగీకి పోవడం ఆమె పని. ఎండాకాలంలో ఆ గొట్టాలు ముట్టుకుంటే చేతులు చురుక్కుమంటాయి. అందుకని దర్జీ అయిన ఆమె భర్త మిగిలిన గుడ్డముక్కలతో మందంగా తొడుగులు కుట్టిచ్చేవాడు.

ఆ వేసవిలో కొండల చల్లదనానికి జనాన్ని తీసుకెళ్ళే విహార రైలొకటి మొదలైంది. అందులో గదిగదికీ స్నానాల ఏర్పాటు. తప్పేం లేదు, డబ్బున్నవాళ్ళు చల్లగా ఉండకూడదని ఎవరన్నారు? కానీ బోర్లు అడుగంటి, పైపుల్లో ధార సన్నబడ్డ రోజుల్లో పైనుంచి ఓ ఆర్డరు వచ్చింది. విహార రైలు పూర్తిగా నిండేదాకా ఇంకే రైలుకూ వాల్వు తిప్పకూడదట. అది రాసిన పెద్దమనిషి ఎక్కడ కూర్చుని రాశాడో గానీ, పట్టాల మధ్య నిలబడి మాత్రం రాయలేదు.

ఒక మధ్యాహ్నం, ముందు దారిలో ఎండకు పట్టా వంకర తిరిగిందని మామూలు ప్యాసింజరు రైలును ఆపేశారు. అది సరిగ్గా విహార రైలు పక్కనే నిలబడింది. లోపల ఊపిరాడనంత జనం. బోగీల్లో నీళ్ళు ఎప్పుడో అయిపోయాయి. ప్లాట్‌ఫారం కుళాయిలు తిప్పితే పొద్దున్నుంచీ గాలి తప్ప ఏమీ రావడం లేదు. విరేచనాలతో సోలిపోయిన మనవరాలిని భుజాన వేసుకుని ఓ ముసలామె దిగి వచ్చింది.

"పిల్లని కడగడానికి చుక్క నీళ్ళు లేవమ్మా. కంపు కొడుతోందని అందరూ తిడుతున్నారు. కాస్త పట్టు తల్లీ," అంది.

నీళ్ళక్క సూపర్‌వైజరుకు ఫోన్ చేసింది. ఆర్డరు ఆర్డరేనన్నాడు అతను. ఫోన్ పెట్టేసి తలెత్తేసరికి, విహార రైలు సిబ్బందిలో ఒకతను ఆమె తగిలించిన గొట్టాన్నే ఊడదీసి కిటికీ అద్దాలు కడుగుతున్నాడు. ప్రయాణికులకు కొండలు బాగా కనబడాలట!

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. గొట్టం లాక్కుని ముందు ఆ పిల్లకు ధార పట్టింది. తర్వాత విహార రైలుకున్న గొట్టాలన్నీ ఊడబీకి, వెనక్కి తిరిగి మామూలు రైలుకు తగిలించింది. కిటికీల్లోంచి ఖాళీ సీసాలు పట్టుకున్న చేతులు బయటికొచ్చాయి.

సూపర్‌వైజరు రొప్పుతూ పరుగెత్తుకొచ్చాడు. విహార రైల్లో ఎలాంటివాళ్ళున్నారో తెలుసా, పైవాళ్ళకు నేనేం చెప్పుకోవాలని విరుచుకుపడ్డాడు. ఆమె గొట్టం వదల్లేదు.

"వాళ్ళు స్నానం రేపైనా చేసుకోవచ్చు సార్. ఈ పిల్లని ఇప్పుడే కడగాలి," అంది.

విహార రైలు రెండు బోగీల్లో సగం నీళ్ళతోనే వెళ్ళింది. ఎవరో ఫిర్యాదు చేశారు. మర్నాడే నీళ్ళక్కను దుప్పట్లు ఉతికి మడతపెట్టే గదిలో వేశారు. కిటికీ లేని గది, పొద్దస్తమానం ఆవిరి. ఇంటికొస్తే, ఉన్న ఉద్యోగం కాస్తా పోతే ఏం గతని భర్త గొణిగాడు. అత్తగారు ఊరుకోలేదు. తన కోడలు దొంగతనం చేయలేదనీ, నీళ్ళిచ్చిందనీ, నువ్వు నీ మిషను తొక్కుకోరా అనీ కొడుకు నోరు మూయించింది.

సూపర్‌వైజరు మరీ చెడ్డవాడేం కాదు. కొన్నాళ్ళకు ఆ ఆవిరి గదికి వచ్చి, పొరపాటైందని ఒక్క మాట చెబితే పాత పనిలోకి తీసుకుంటారన్నాడు.

"పొరపాటే సార్," అంది ఆమె దుప్పటి మడతపెడుతూనే. "మిమ్మల్ని అడగడం నా పొరపాటు. అడక్కుండా పట్టాల్సింది."

అతను వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

వానలు మొదలై విహార రైలు ఆగిపోయాక, ఆ బురదలోకి దిగేవాళ్ళు దొరక్క మళ్ళీ ఆమెనే పిలిచారు. తప్పు మాదని ఎవరూ అనలేదు. ఆర్డరూ రద్దు కాలేదు, వచ్చే వేసవికీ అదేనట. నీళ్ళక్క పాత పనిలోకి తిరిగి వెళ్ళిన రోజే తోటి పనివాళ్ళను కూర్చోబెట్టి, అలాంటి మధ్యాహ్నం మళ్ళీ వస్తే ఏ రైలుకు ముందు పట్టాలో చెప్పింది. ఒక్కరు కూడా ఆర్డరు సంగతి ఎత్తలేదు.