గుక్కెడు నీళ్ళు నిలిచిన సాయంత్రం

ఆ కాలంలో కడుపుతో ఉన్న పిల్లకు వాంతులైతే దాన్ని జబ్బు కింద ఎవరూ లెక్కేసేవాళ్ళు కాదు. 'మూడు నెలలు దాటితే అదే పోతుంది' అనేదే అందరి నోట్లోనూ ఉండే మందు. నాకప్పుడు పంతొమ్మిదేండ్లు. వేప్పనపల్లి పక్క ఊరినుంచి హోసూరు దగ్గరుండే మూకండపల్లికి, ఫ్యాక్టరీవాళ్ళుండే వరసిండ్లలోకి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదు. రెండో నెల నిండీ నిండకముందే వాంతులు మొదలైనాయి. అన్నం వాసన పడదు, తిరగమాత వాసన పడదు, కడాకు మా ఆయన వాసనే పడలేదు. (పాపం, ఎంత తోముకున్నా మిషను ఆయిలు వాసన పోయేది కాదు.) ఆయన వాకిట్లో కూర్చుని కిటికీలోంచి మాట్లాడేవాడు. పక్కింటామె మేం పోట్లాడుకున్నామనుకుని, "ఏమప్పా, లోపలికి రానియ్యలేదా?" అని ఆయనకు కాఫీ ఇచ్చేది. ఆ కాఫీ వాసనకు నేను మళ్ళీ బకెట్టు దగ్గరికి పరిగెత్తేదాన్ని.

మా అత్త ఊరినుంచి వచ్చి నిమ్మకాయ, శొంఠి, ధనియాల నీళ్ళు అన్నీ ఇచ్చి చూసింది. ఏదీ పావుగంట నిలవలేదు. "ఆరుగుర్ని కన్నాను నేను. ఇదేమన్నా వింతా?" అని గదమాయించేది. మూడో వారానికి నీళ్ళు కూడా నిలవలేదు. పెదాలు పగిలినాయి. లేచి నిలబడితే గోడలు తిరిగేవి. బిడ్డకేమౌతుందో అని కాదు (సిగ్గుగా ఉంది కానీ చెప్తాను), నేనే పోతానని భయం పట్టుకునింది.

ఒక మధ్యాహ్నం ఇంక అయిపోయిందనుకుని ఆయన్ని కిటికీ దగ్గరికి పిలిచినాను. "నేను పోతే మా చిన్నమ్మ కూతుర్ని చేసుకో. మంచిది. నా పచ్చ పట్టుచీర మాత్రం దానికియ్యొద్దు, కట్టేది చేతకాదు, చించేస్తుంది." ఆయన నవ్వలేదు. కిటికీ కమ్ములు పట్టుకుని చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినాడు.

ఆ ఏడుపు విని అత్త వచ్చింది. నా చెయ్యి గిల్లి చూసింది. గిల్లిన చర్మం అట్లనే ముడుచుకుని నిలిచింది. "పొద్దుట్నుంచి ఒంటేలుకు పోయినావా?"

"లేదత్తా."

ఆమె కిటికీ దిక్కు తిరిగి కొడుకు మీద అరిచింది. "బండి పిలువురా. ఈడ ఇంక ఒక్క గడియ వద్దు."

హోసూరుకు పోయే జట్కాలో కక్కితే పసరుతో పాటు నెత్తురు చార వచ్చింది. అత్త దాన్ని కొంగుతో గబుక్కున తుడిచేసింది, నేను చూడలేదనుకుని. ఆస్పత్రిలో డాక్టరమ్మ, ఇన్ని దినాలు ఏం చేస్తా ఉండారని అరవంలో తిట్టింది. మా ముగ్గురికీ బాగానే అర్థమైంది. గ్లూకోజు ఎక్కించినారు. అప్పుడు అత్త మెల్లిగా చెప్పింది: "మా అక్క ఇట్లనే పోయిందమ్మా. ఆ పొద్దూ అందరూ మామూలే అన్నారు. నేనూ అన్నాను."

రెండో దినం సాయంత్రం గుక్కెడు నీళ్ళు తాగినాను. పావుగంట నిలిచినాయి. అరగంట నిలిచినాయి. ఆయన సంతోషం పట్టలేక దగ్గరికి రాబోతే, "దూరం పో!" అని నేను, అత్త, నర్సమ్మ ఒక్కసారే అరిచినాం.

వాంతులు ఐదో నెలదాకా ఉండినాయి. మళ్ళీ ఒక తూరి సూది మందుకు పోయినాం. బిడ్డ మాత్రం గట్టిగానే పుట్టింది. నీళ్ళు నిలిచిన ఆ సాయంత్రం ఆస్పత్రిలో అత్త మంచం చివర కూర్చుని నా కాళ్ళు ఒత్తింది. కోడలి కాళ్ళు అత్త పట్టడమేమిటని నేను గబుక్కున లాక్కున్నాను. ఎంత మర్యాదస్తురాలినో! ఇప్పుడామె లేదు. తలుచుకుంటే అప్పటి నన్ను, ఆ తెలివితక్కువ పిల్లను చూసి నవ్వొస్తుంది. ఇంకొంచేపు పట్టనియ్యమ్మా, అని ఆ పిల్లకు చెప్పాలనిపిస్తుంది.