మూడు వాల్వులు, నాలుగు అంకెలు

ఎవరన్నా మస్తాన్ పేరు ఎత్తితే నేను మాట మారుస్తాను. ఏళ్లుగా అదే పని. ఆ బరువు ఎవరి దగ్గరా దించలేదు. మీ దగ్గర దించుతున్నాను.

నేను కాలేజీ మొహం చూడలేదు. ప్రొద్దుటూరు లైబ్రరీలో కూర్చుని ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఆ గర్వం ఇప్పటికీ ఉంది. పులివెందుల చీనీ, అంటే బత్తాయి తోటల్లో డ్రిప్పు మోటారునీ వాల్వులనీ నడిపే బోర్డులు చేసి పెట్టేవాణ్ని. కరెంటు రాగానే బోర్డులో ముందుగా లేచేది బూట్‌లోడరు అనే చిన్న ప్రోగ్రాము. ఒక్కో వాల్వు తెరుచుకునేదాకా ఎన్ని సెకన్లు ఆగాలో చెప్పే అంకెలు, వాల్వుకొకటి చొప్పున నాలుగు, అది డివైస్ ట్రీ అనే ఫైల్లోంచి వరసగా చదువుకోవాలి. ఆ తర్వాతే మోటారు తిరగాలి.

ఒక తోటలో వాల్వులు మూడే. ఫైల్లో మూడంకెలే రాశాను. ప్రోగ్రాము నాలుగు అడిగింది. అడిగినన్ని లేకపోతే ఆ చదివే ఫంక్షను ఉన్న మూడూ ఇవ్వదు, కుదరలేదని జవాబు మాత్రం చెప్తుంది. ఆ జవాబు చూసుకోవాలని పుస్తకంలో చదివాను కూడా. చూడలేదు. అంకెల చోట సున్నాలు మిగిలాయి, అంటే ఒక్క సెకను కూడా ఆగక్కర్లేదని. కరెంటొచ్చింది, వాల్వులు మూసి ఉండగానే మోటారు లేచింది, పైపు జాయింటు దగ్గర పగిలింది.

ఆ పైపులు వేసింది జమ్మలమడుగు మస్తాన్. రైతు అతన్నే తిట్టాడు. తప్పెక్కడుందో నేను మధ్యాహ్నానికే కనుక్కున్నాను. సాయంత్రం మస్తాన్ వచ్చాడు.

“మామా, నా జాయింటు ఇట్ల పోయిందే లేదు. నీ బోర్డులో ఏమన్నా తేడా ఉంటాదా?”

“బోర్డుదేం లేదప్పా. జాయింటుకు పూసిన సొల్యూషన్ ఆరకముందే నీళ్లు వదిలింటావు.”

కాసేపు తన చేతులు చూసుకున్నాడు. “శానా చదివినోడివి. నువ్వే అంటే ఇంకేముందిలే. మా ఇంటామె కూడా నా పనంతా తొందరే అంటాది,” అని నవ్వాడు.

అతను పోయాక ఫైల్లో నాలుగో అంకె చేర్చాను.

ఎందుకు చెప్పలేదు? పని పోతుందనా? కాదు. లైబ్రరీ చదువు ఇంతేనా అని ఎవరన్నా అంటారేమోనని. అంత చిన్న మాట పడలేక అంత పెద్ద మాట అతని మీద వేశానా? వేశాను. తర్వాత ఆ తోటల వాళ్లెవరూ అతన్ని పిలవలేదు. చిలమకూరులో సిమెంటు మూటలు ఎత్తుతున్నాడని విన్నాను.

అతని ఎదురుగా అనాల్సింది మీ ఎదుట అనడం కూడా దాక్కోవడమేనేమో. అయినా ఒక్కసారి నా చేత్తో రాయనివ్వండి.

మస్తాన్ ఆ జాయింటు బాగానే అతికించాడు.