పుత్తూరు దారిలో పసుపు దీపం

మా నాయన జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పుత్తూరు కట్టు తప్ప మరో వైద్యం వద్దని మొండికేశాడు. ఉదయం ఏడింటికి తిరుపతిలో మా కారులో బయలుదేరాం. ముందు సీట్లో నాయన, వెనక అమ్మ, ఆమె ఒళ్లో ఇడ్లీల డబ్బా. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట: బండి బాగుంటే ఇది చిన్న ప్రయాణమే.

మా బండి బాగాలేదు. ఇంజను బొమ్మతో ఉండే పసుపు దీపం కొన్నాళ్లుగా వెలుగుతోంది. షెడ్డులో యంత్రం తగిలిస్తే ‘గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ’ అని కోడు వచ్చింది. సెన్సారు పోయిందని కొత్తది వేశారు. దీపం మళ్లీ వెలిగింది. ఇదీ నాసిరకమేనని తిట్టుకుని, దాన్ని పట్టించుకోవడం మానేశాను.

వడమాలపేట దాటాక బండి కుదుపులిచ్చి ఆగిపోయింది. అమ్మ దిగింది.

"దిష్టి తగిలుండాదిరా. కర్పూరం ఎలిగిస్తే సరిపోతాది" అంటూ సంచిలోంచి నిమ్మకాయ తీసి, దాని మీద కర్పూరం పెట్టి, బండి ముందు నేల మీద ఉంచింది. అమ్మతో వాదించి గెలిచినవాడు మా ఇంట్లో లేడు. అగ్గిపెట్టె తీశాను.

"కింద ఏందో కారతా ఉండాదిరా" అన్నాడు నాయన, కిటికీలోంచి తల బయటపెట్టి.

"ఏసీ నీళ్లు నాయనా."

"ఏసీ యాడేసినావురా? సలిగా ఉండాదని నేనే వద్దంటి గదా!"

గీయబోతున్న పుల్ల చేతిలోనే ఆగింది. వంగి ఆ తడిని తాకి వాసన చూశాను. పెట్రోలు! అమ్మను వెనక్కి నెట్టి, తలుపు తీసి నాయనను చెయ్యి పట్టి లాగాను. అది విరిగిన చెయ్యి. ఆయన వేసిన కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది.

పుత్తూరు నుంచి వచ్చిన మెకానిక్ బానెట్ ఎత్తాడు. పెట్రోలు పైపును ఎలుకలు కొరికేశాయి. పక్కనే, అవి గీకి తిన్న కొబ్బరి చిప్ప. ఆయుధపూజకు కొట్టిన కాయలో ఒక చిప్ప బండికే దక్కాలని అమ్మ అక్కడ పెడుతుంది. సెన్సారు అబద్ధమాడలేదు. పెట్రోలు అందడం లేదని చెబితే, చెప్పినదాన్నే పీకి పారేశాం.

"పుల్ల గీసుంటే?" అని నేల మీది కర్పూరం చూపించి అడిగాను.

"ఆ మాటొద్దులేప్పా" అన్నాడు మెకానిక్.

బండిని అతనికే వదిలి, ఆటోలో పుత్తూరు చేరి కట్టు కట్టించుకుని, మధ్యాహ్నం తిరుపతి బస్సెక్కాం. డ్రైవరు ఎదుట, దేవుడి పటానికి అగరొత్తి వెలుగుతోంది. అమ్మ దాన్నే చూస్తూ కండక్టరును పిలిచింది.

"అబ్బా, బస్సు కింద ఏమన్నా కారతా ఉండాదేమో ఒగసారి సూడు."

బస్సంతా నవ్వింది. మేం ముగ్గురం నవ్వలేదు.