రెండో అలకి కుడికాలు

మా బాబాయ్ రిహార్సల్ లేకుండా ఏ పనీ చెయ్యడు. అగ్నిమాపక కేంద్రంలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది గానీ డ్రిల్లు వదల్లేదు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వే రకం తను కాదని గొప్పగా చెప్పుకుంటాడు. నిజమే, ఆయన ఇల్లు కట్టకముందే తవ్వేస్తాడు. పన్ను పీకించుకునే ముందురోజు నోరు తెరుచుకుని పావుగంట కుర్చీలో కూచున్నాడు. నా ఉద్యోగం ఇంటర్వ్యూకి ముందు తనే ఆఫీసరై కూచుని నన్ను మూడుసార్లు ఫెయిల్ చేశాడు. అసలు ఇంటర్వ్యూలో వాళ్ళు ఒక్కసారే చేశారు. ప్రతి రిహార్సల్ చివరా ఆయన అనే మాట ఒకటే: "ఇంకొక్కసారి."

ఇలాంటి మనిషితో కలిసి నేనూ నా భార్యా తిమింగలాలు చూడ్డానికి ఒక దీవికి వెళ్ళాం. కోరిక మాత్రం పిన్నిది. ఆవిడ బళ్ళో సైన్సు టీచరు. ఏటా నల్లబల్ల మీద తిమింగలం బొమ్మ గీసి, అది చేప కాదని, ఊపిరి కోసం పైకి రావలసిందేనని పిల్లలకి చెబుతుంది. నిజమైనదాన్ని ఒక్కసారీ చూడలేదు. రెండేళ్ళ క్రితం బస్సు దిగుతూ పడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. లిఫ్టు ముందు కూడా ఆగిపోయి, "మీరు పదండి, నేనొస్తా" అంటుంది. రాదు.

బుధవారం రేవుకి వెళ్ళి పడవ నడిపే సరంగుని కలిశాం. తిమింగలాలు ఈ వారంతో వెళ్ళిపోతాయని, ఆదివారం పొద్దున్నదే ఆఖరి ట్రిప్పని చెప్పాడు. తర్వాత పిన్ని కాళ్ళకేసి చూశాడు.

"రేవు మెట్టు దగ్గర పడవ మూరెడు లేస్తుంది, మూరెడు దిగుతుంది. లేచినప్పుడే కాలు పెట్టాలి. తటపటాయించినవాళ్ళని ఎక్కించుకోను. మధ్యలో కాలు పడితే నలిగిపోతుంది."

దారిలో పిన్ని, మీరు ముగ్గురూ వెళ్ళిరండి, ఫోటోలు చూపిద్దురు గాని అంది. గొంతు మామూలుగానే ఉంది. అది విని నా ప్రాణం ఉసూరుమంది. బాబాయ్ మాత్రం విననట్టే పంక్చర్ల షాపులోకి వెళ్ళిపోయాడు.

గంటలో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో ఒక లారీ టైరు, దాని మీద పొడుగాటి చెక్కపలక వెలిశాయి. వెనక అరుగు రేవు. పలక పడవ. పలక రెండో కొసన నిలబడి ఎగిసిపడే సముద్రం బాబాయ్. మొదటి అల చూసుకోవడానికి, రెండో అలకి కుడికాలు. ఎత్తిన కాలు దించకూడదు. ఒకరు తప్పితే ముగ్గురూ మళ్ళీ మొదలుపెట్టాలి.

తప్పేది ఎప్పుడూ నేనే. ఒకసారి నా మడమ వంకర, ఒకసారి చూపు వంకర. పిన్ని తన వంతు రాగానే అరుగు మీదే కొయ్యబారిపోయింది. బాబాయ్ ఆవిడకేసి చూడనైనా చూడకుండా నా మీద విరుచుకుపడ్డాడు. "నీ మూలంగా మీ పిన్ని కూడా మళ్ళీ చెయ్యాల్సొస్తోంది. ఇంకొక్కసారి."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. పదోసారి కూడా నాకు చీవాట్లు పడేసరికి పిన్నిలోని టీచరు ఊరుకోలేకపోయింది. "ఎందుకండీ వాణ్ణి అంతలా తిడతారు? ఇటు చూడరా, ఇలా పెట్టాలి" అంటూ నాకు చూపించడానికి పలక మీద కాలు పెట్టింది. నాలుగు రోజుల్లో అరవైసార్లు ఎక్కామని నా భార్య లెక్క చెప్పింది. మూడో రోజు ఉక్రోషం ఆగక నేను పెట్టె సర్దేసుకున్నాను కూడా.

ఆదివారం గాలి ఎక్కువగా ఉంది. పడవ మూరెడు కాదు, నడుమెత్తు లేస్తోంది. మా ముందున్నాయన ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. సరంగు పక్కకి తప్పుకోమని చెయ్యి చూపించాడు. నేనెక్కాను, నా భార్య ఎక్కింది. పిన్ని మెట్టు అంచున ఆగిపోయింది. మొదటి అల వెళ్ళింది. సరంగు చెయ్యి మళ్ళీ లేవబోతోంది. రెండో అల వచ్చింది. చూద్దును కదా, పిన్ని నా పక్కన ఉంది.

ఇక బాబాయ్. రెండో అల వెళ్ళింది, ఐదో అల వెళ్ళింది, ఆయన కదల్లేదు. అప్పుడు వెలిగింది నాకు. అరవైసార్లూ ఆయన సముద్రమే తప్ప ఒక్కసారీ ప్రయాణికుడు కాలేదు. మంటల్లోకి దూకిన మనిషి నీళ్ళు చూసి తెల్లబోయి నిలబడ్డాడు. సరంగు తాడు విప్పబోయాడు.

"మీరు పదండి, నేనిక్కడే ఉంటా" అన్నాడు బాబాయ్.

పిన్ని లేచి చెయ్యి చాచింది. "మొదటిది చూసుకోండి. రెండో అలకి కుడికాలు."

ఆయన ఎడమకాలు పెట్టి మా అందరి మీదా పడ్డాడు.

పడవ సాగాక, నాలుగు రోజులు నా మడమ ఏం పాపం చేసిందని అడిగాను. బాబాయ్ కళ్ళు గట్టిగా మూసుకుని, బల్లని రెండు చేతులా పట్టుకుని, నాకు మాత్రమే వినపడేలా చెప్పాడు. "నీ మడమకేం, మొదటిసారే బాగా పెట్టావు. ఆవిణ్ణొక్కదాన్నే చెయ్యమంటే చేసేదా?" బల్లని ఇంకాస్త బిగించి పట్టుకుని, "ఇంటర్వ్యూలో మాత్రం నిజంగానే ఫెయిలయ్యావు" అన్నాడు.

రెండు గంటలైనా ఏమీ కనపడలేదు. ఇంకో పది నిమిషాలు చూసి తిప్పేస్తానన్నాడు సరంగు. పిన్ని వాచీ చూసుకోవడం మొదలుపెట్టింది. అంతలో పడవ పక్కనే నీళ్ళు చీలి, నల్లటి వీపు ఒకటి గోడలా లేచి, బుస్సుమని ఊపిరి వదిలి మునిగిపోయింది. చప్పుడుకి బాబాయ్ కళ్ళు తెరిచేసరికి నురగ మిగిలింది.

"అయిపోయిందా?" అన్నాడు.

పిన్ని ఆయన మొహం చూసింది. తర్వాత సముద్రం వైపు తిరిగి, అచ్చం ఆయన గొంతుతో "ఇంకొక్కసారి" అంది.

ఊపిరి కోసం అది పైకి రావలసిందేనని ఆవిడకి తెలుసు. వచ్చింది. ఈసారి తోక కూడా ఎత్తి చూపించి మరీ మునిగింది. బాబాయ్ రెప్ప వెయ్యకుండా చూశాడు. మొహమ్మీది ఉప్పునీళ్ళు తుడుచుకుని, సముద్రానికే చెబుతున్నట్టు అన్నాడు.

"తోక కొంచెం వంకరగా పెట్టింది."