తలలు సరిపోయిన రోజు

పాతికేళ్ళకు పైగా సిటీ బస్సులో కండక్టరుగా చేసిన మనిషి ఆమె. రిటైరై ఇంట్లో కూర్చునేసరికి, నిలబడినన్నాళ్ళూ నొప్పెరగని కాళ్ళు పీకడం మొదలుపెట్టాయి. ఇలా కాదని, సైకిళ్ళ షాపు మీది హాల్లో నడిచే పిల్లల క్లబ్బుకు వెళ్ళి, ఒకటీ రెండూ తరగతుల పిల్లల జట్టును నెత్తికెత్తుకుంది. "రైట్ రైట్" అనందే ఏ ఆటా మొదలుపెట్టదు కాబట్టి పిల్లలు ఆమెకు రైట్ రైట్ అమ్మమ్మ అని పేరు పెట్టేశారు.

పిల్లల్ని బయటికి తీసుకెళ్ళాలంటే మిగతా జట్లవాళ్ళు హడలిపోయేవారు. ఆమెకు మాత్రం అదో లెక్కే కాదు. "కాలు పెట్టే సందులేని బస్సులో టిక్కెట్టు తీసుకోనివాణ్ణి కళ్ళు మూసుకుని పట్టుకునేదాన్ని. ఈ గుప్పెడుమందీ నాకెక్కడికి పోతారు?" అనేది.

ఆ శనివారం పిల్లల్ని అక్వేరియానికి తీసుకెళ్ళింది. తోడుగా పక్కింటి టైలరమ్మ వచ్చింది. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనుకుంటారు. పొద్దుటినుంచీ వాన. పిల్లలందరికీ క్లబ్బువాళ్ళ పసుపురంగు రెయిన్‌కోట్లు తొడిగారు. పెద్ద తొట్టి దగ్గరికి వెళ్ళేసరికి ఎక్కడో దూరపు ఊరినుంచి వచ్చిన ఇంకో పిల్లల గుంపు నీలం కోట్లలో అక్కడే ఉంది. పసుపూ నీలమూ కలిసిపోయి అద్దానికి ముక్కులు ఆనించి ఒకటే గోల.

తిరిగి బయల్దేరేటప్పుడు వాన ఇంకా పెరిగింది. గేటు దగ్గర పిల్లల్ని వరసలో నిలబెట్టి, కళ్ళ దాకా దిగిన టోపీల మీద టపటపా తడుతూ లెక్కపెట్టింది. పద్నాలుగు. సరిపోయింది. బస్సెక్కాక ఇంకోసారి లెక్కపెట్టింది. అప్పుడూ పద్నాలుగే. కొందరు టోపీలు తీయకుండానే కిటికీకి ఆనుకుని కునుకు తీశారు. ఆమె కూడా తృప్తిగా సీట్లో జారగిలబడింది.

హాలు చేరాక టైలరమ్మ ఒక్కొక్కరి కోటూ విప్పి దులిపి కొక్కేనికి తగిలిస్తోంది. ఉన్నట్టుండి, "వదినా!" అని కేకేసింది. ఆ గొంతు విని రైట్ రైట్ అమ్మమ్మ పరుగున వచ్చింది.

పసుపు కోటులోంచి గుండు చేయించుకున్న ఓ కుర్రాడు బయటపడ్డాడు. ఆమె వాణ్ణి జన్మలో చూడలేదు.

"ఒరేయ్, ఎవర్రా నువ్వు?"

"నేను పిచ్చుకని," అన్నాడు వాడు, బట్టీపట్టినట్టుగా.

పిచ్చుక వాళ్ళ జట్టులో ఓ ఆడపిల్ల. ఒక్కచోట నిలవదని వాళ్ళమ్మే పెట్టిన ముద్దుపేరు.

"పిచ్చుకేది? నిజం చెప్పు నాయనా, పిచ్చుకేది?"

వాడి మొహం చిన్నబోయింది. "మా బస్సులో ఉంది. మీ బస్సులో డ్రమ్ములున్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. మీ దగ్గరేమో ఉయ్యాల ఉందంది. అందుకని కోట్లు మార్చుకున్నాం. రేపు మళ్ళీ మార్చుకుంటాం."

 వాడు చెప్పే మాటలు ఆమెకు వినిపిస్తున్నాయి గానీ బుర్రకెక్కడం లేదు. కళ్ళముందున్న పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టింది. పద్నాలుగే. ఎన్నిసార్లు లెక్కపెట్టినా పద్నాలుగే! సరిపోయిన లెక్కను చూసి ఒళ్ళు చల్లబడిపోవడం ఆమె ఎరగదు.

టైలరమ్మ అక్వేరియానికి ఫోను చేసింది. నీలం కోట్లవాళ్ళు ఎప్పుడో వెళ్ళిపోయారన్నాడు వాచ్‌మన్. వాళ్ళెవరో, ఏ దారిన పోయారో అతనికీ తెలియదు. కుర్రాణ్ణి అడిగితే, "మా ఊరు కొండ దాటాక వస్తుంది," అని మాత్రం చెప్పగలిగాడు. పోలీసులకు చెబుదామని టైలరమ్మ మళ్ళీ ఫోను తీసేలోగా మెట్లమీద అడుగుల చప్పుడైంది. పిచ్చుక వాళ్ళమ్మ! ఆస్పత్రి డ్యూటీ దిగి, నర్సు బట్టల్లోనే వచ్చింది.

"మా గడుగ్గాయి ఏదండీ? చేపల్ని బాగా చూసిందా?"

 రైట్ రైట్ అమ్మమ్మ జరిగింది చెప్పింది. చెప్పి ఊరుకున్నా బాగుండేది. "లెక్క సరిపోయిందమ్మా," అనేసింది.

"లెక్కేమిటండీ?" అంది నర్సు, అర్థంకానట్టు. "నా పిల్ల ఏది?"

అరవలేదు, ఏడవలేదు. పిల్లల చెప్పులు పెట్టే బల్లమీద, ఆ తడి చెప్పుల మధ్యనే చతికిలబడింది. ఆమె తిట్టి ఉంటే ఎంత బాగుండునో అనిపించింది రైట్ రైట్ అమ్మమ్మకు.

అంతలో నర్సు ఒళ్ళోని ఫోను మోగింది. ఎవరిదో కొత్త నంబరు. అవతల ఓ మగగొంతు వణికిపోతోంది.

"అమ్మా, ఓ పాప మా బస్సులో… ఈ నంబరు పాటలా పాడి వినిపించిందమ్మా. మీ దగ్గర మా గుండుగాడేమైనా ఉన్నాడా?"

ఆ వెనకే డ్రమ్ము మోత వినిపిస్తోంది.

సగం దారిలో ఓ పెట్రోలు బంకు దగ్గర కలుసుకున్నారు. పిల్లలిద్దరూ ఏమీ జరగనట్టే కోట్లు మార్చుకున్నారు. పిచ్చుక వాళ్ళమ్మను చూసి, "అప్పుడే వచ్చేశావేం?" అంది. నర్సు దాన్ని వాటేసుకుని అప్పుడు ఏడ్చింది, దిక్కులు పిక్కటిల్లేలా. నీలం కోట్ల మాస్టారు పాలిపోయిన మొహంతో రైట్ రైట్ అమ్మమ్మ దగ్గరికొచ్చి మెల్లిగా అన్నాడు:

"నేనూ లెక్కపెట్టానమ్మా. నాకూ సరిపోయింది."



మర్నాడే రైట్ రైట్ అమ్మమ్మ వెళ్ళి, ఇక తనవల్ల కాదని హాలు తాళంచెవి ఇచ్చేయబోయింది. క్లబ్బు పెద్దాయన చీవాట్లు పెట్టాడు గానీ తాళంచెవి మాత్రం తీసుకోలేదు. ఆ తర్వాత ఆమె తలలు తట్టడం మానేసింది. బయటికెళ్ళినా, వచ్చినా, ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, పేరుపెట్టి పిలిచి, వాళ్ళు ఊఁ కొట్టాకే వదిలేది. ఆలస్యమవుతుందని డ్రైవరు విసుక్కున్నా వినేది కాదు.

పిచ్చుక చాలా వారాలు రాలేదు. నర్సు ఫోను ఎత్తలేదు. తననెలా తప్పుపట్టగలను అనుకుని రైట్ రైట్ అమ్మమ్మ మళ్ళీ చేయలేదు.

వర్షాలు వెనకబట్టాక ఓ శనివారం తల్లీకూతుళ్ళు మెట్లెక్కి వచ్చారు. నర్సు మాట కలపకుండా గోడవారగా కుర్చీ లాక్కుని కూర్చుంది. వెళ్ళే ఉద్దేశం ఉన్నట్టు లేదు.  రైట్ రైట్ అమ్మమ్మ వంగి పిచ్చుక గడ్డం పట్టుకుంది.

"ముందు పన్ను ఎప్పుడూడిందే?"

"నిన్న," అంది పిచ్చుక, నోరు ఇంకా పెద్దగా తెరిచి చూపిస్తూ.