నవ్వడం మళ్లీ నేర్చుకున్న ఏడాది

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో, మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు, నేను గిద్దలూరు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చాను. మా ఆయన పలకల కార్ఖానాలో రాయి కోసే పని చేసేవాడు. సాయంత్రం ఇల్లు చేరేసరికి కనుబొమల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. మామ నేను రాకముందే గనిలో రాయి జారిపడి చనిపోయాడు.

అత్తది నవ్వు మొహం. పొద్దున పొయ్యి ముట్టించకముందే గడప దగ్గర కూర్చుని దేవునికి స్తోత్రం చెప్పుకునేది. పెద్ద మాటలేమీ ఉండేవి కావు. బావిలో నీళ్లు అడుగంటనందుకు, కొడుకు క్షేమంగా ఇల్లు చేరినందుకు, ఒక్కోసారి పులుసు బాగా కుదిరినందుకు కూడా చెప్పేది. కొందరు పుట్టుకతోనే అట్లా ఉంటారు కాబోలు అనుకునేదాన్ని.

పెళ్లైన మరుసటి ఏడు నాకు కాన్పు అయింది. మగబిడ్డ. పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని వీపు తట్టింది, మొహాన నీళ్లు చల్లింది. అయినా ఏడవలేదు. పాత చీర ముక్కలో చుట్టి మా ఆయన చేతుల మీద తీసుకుపోయాడు. నేను మొహం కూడా సరిగా చూడలేదు.

తర్వాత మా చర్చి సంఘంలోని ఆడవాళ్లు వచ్చి ఓదార్చారు. అంతా దేవుని చిత్తమన్నారు, విశ్వాసి దుఃఖంలో ఉండిపోకూడదన్నారు. వాళ్లది మంచి మనసే. కానీ ఆ మాటలు వినలేక నేను లేచి పెరట్లోకి పోయేదాన్ని. ఆదివారం గుడిలో పాట ఎత్తుకుంటే నా పెదవులు కదిలేవి కావు. ఒక పెద్దావిడ అది గమనించి, నీ కోడలు పాడటం మానేసిందేమని అత్తను అడిగింది.

“దానికి పాట వచ్చిననాడు పాడుతుందిలే వదినా. దేవునికేం తొందర లేదు” అంది అత్త.

నాతో మాత్రం ఏమీ అనలేదు. అన్నం పెట్టేది, తలకు నూనె రాసేది.

కొన్ని నెలలు గడిచాక ఒక మధ్యాహ్నం, తనతో అవ్వ ఇంటికి రమ్మని పిలిచింది. అవ్వ అంటే మా వీధి చివర గొర్రెలు మేపేవాళ్ల ముసలామె. కిందపడి తుంటి విరిగి మంచాన ఉంది. కొడుకూ కోడలూ గొర్రెలను తోలుకుని కొండల వైపు పోతే పగలంతా ఒక్కతే. ఒకప్పుడు మా చేతి నీళ్లు ముట్టని ఇల్లు అది. మంచాన పడ్డాక అవ్వే ఆ పట్టింపు వదిలేసింది. అత్త రోజూ పోయి ఆమె ఒళ్లు తుడిచి, పక్క మార్చి వచ్చేది.

నన్ను తల దువ్వమన్నారు. అవ్వ తల అట్టలు కట్టి ఉంది. ఆముదం రాసి పాయ పాయగా విడదీయడానికి ఎన్నో మధ్యాహ్నాలు పట్టింది. నేను మాట్లాడకపోయినా అవ్వే మాట్లాడుతూ ఉండేది. ఒకరోజు తన పెళ్లి సంగతి ఎత్తుకుంది. పీటల మీద కూర్చున్నప్పుడు ఒక పొట్టేలు వచ్చి పెళ్లికొడుకు మెడలో దండ తినసాగిందట. తాళి కట్టేదాకా కదలకూడదని పెద్దవాళ్లు చెప్పారు గనుక ఆయన బిగదీసుకుని అలాగే కూర్చున్నాడట.

“దండంతా తిని, చెవిగూడ నాకిపోయింది. ఆయన కదిల్తేనా!” అంది అవ్వ.

నేను గట్టిగా నవ్వేశాను. ఆ నవ్వు నా చెవిన పడగానే దువ్వెన అక్కడే పెట్టి బయటికి వచ్చి, గొర్రెల దొడ్డి దగ్గర నిలబడి ఏడ్చాను.

అత్త వెనకాలే వచ్చింది. “నవ్వితే బిడ్డను మర్చిపోయినట్టు కాదమ్మా” అంది.

నీ మాదిరిగా ఉండటం నాకు చేతకాదన్నాను. అత్త నా పక్కనే రాతి మీద కూర్చుంది.

“నాకేమన్నా పుట్టుకతో వచ్చిందనుకుంటివా? మీ మామ పోయినాక చాన్నాళ్లు నేనెవురితో మాట్లాడలే. అప్పుడు పాస్టరమ్మ వచ్చి, రోజుకొకదానికన్నా స్తోత్రం చెప్పమనింది. చెప్పేదానికేం లేదంటే, ఎవురింటికన్నా పోయి వాళ్ల పనేదన్నా చేసిరా, అప్పుడు దొరుకుతాది అనింది. దొరికింది. దొరకని రోజులూ ఉండె. అయినా నేను మానలే.”

మర్నాడు పొద్దున నేనూ గడప దగ్గర ఆమె పక్కన కూర్చున్నాను. అవ్వ జుట్టు చిక్కు విడినందుకు స్తోత్రమని మాత్రం చెప్పగలిగాను. అత్త ఆమేన్ అని లేచి పొయ్యి ముట్టించింది. అలా రోజుకొకటి వెతుక్కోవడం అలవాటైంది. దుఃఖం పోలేదు. కానీ దాని పక్కన ఇంకొకదానికి కూడా చోటు దొరికింది. ఆ ఏడు కోత పండుగకు జొన్నకంకులు, గుమ్మడికాయలు గుడి ముందర పేర్చి అందరూ పాడుతుంటే, రెండో చరణంలో నా గొంతూ కలిసింది. ఎవరూ నా వైపు తిరిగి చూడలేదు. అదే మేలైంది.

తర్వాత కూతురు పుట్టింది. పిల్ల బడికి పోయే వయసులో అత్తకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. మంచంలోనే స్తోత్రం చెప్పుకునేది. ఎండలు ముదిరిన ఒక పొద్దున ఎంతసేపటికీ నోరు తెరవలేదు. దగ్గరికి పోతే కళ్లల్లో నీళ్లు కనిపించాయి.

“ఈ పొద్దు నాకేం దొరకలే. నువ్వు చెప్పు” అంది.

ఆమె చెయ్యి పట్టుకుని ఇద్దరి తరఫునా నేను చెప్పాను. విని, కళ్లు తుడవమని సైగ చేసింది. ఆ ఎండాకాలమంతా అట్లాగే నడిచింది. కొన్నాళ్లు ఆమె చెప్పేది, కొన్నాళ్లు నేను. వానలు మొదలయ్యేసరికి గోడ పట్టుకుని వాకిలి దాకా రాగలిగింది. చాప మీద కూర్చుని ఒంటిచేత్తో అలసందలు ఒలుస్తూ, మనవరాలు చెప్పే బడి కబుర్లు వింటూ ఇంకొన్నేళ్లు మాతో ఉంది.